చదువు – కొలువు: క్వాంటిటీ సర్వేయింగ్ గురించి మీరడిగినవి

గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చదువు చుట్టూ తిరిగాయి. ఎస్టిమేట్లు, బిల్లులు, కాంట్రాక్టు లెక్కలే వృత్తిగా ఉన్న ఇంజినీర్లు వాటికి జవాబులు రాశారు. ప్రశ్నలు పంపినవారి పేర్లు వేయకుండా ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్లస్ టూ సైన్సు పూర్తి కావస్తోంది. క్వాంటిటీ సర్వేయింగ్ చదివితే విదేశాల్లో మంచి ఉద్యోగాలని మా మేనమామ అంటున్నారు. ఆ డిగ్రీ మన దగ్గర ఎక్కడుందో వెతికితే దొరకడం లేదు. అసలు ఆ పని ఏమిటి? — పర్లాకిమిడి

సర్వే అనగానే మనవైపు గొలుసు, పొలం హద్దులు, అమీను గుర్తొస్తారు. ఇది ఆ పని కాదు. కట్టబోయేదానికి మట్టి పని ఎంత, కాంక్రీటు ఎంత, ఇనుము ఎంత అని డ్రాయింగ్ చూసి లెక్క తీయాలి. ఆ లెక్కకు ధర కట్టి టెండరు పత్రాల్లో పెట్టాలి. పని సాగుతుంటే కొలిచి బిల్లు చేయాలి. అనుకున్న పనికీ జరిగిన పనికీ తేడా వస్తే అగ్రిమెంటు ప్రకారం దాని ధర తేల్చాలి. ఆఖరున ఫైనల్ బిల్లు ముగించాలి. ఇదంతా క్వాంటిటీ సర్వేయరు పని. మన సైట్లలో ఈ మనిషినే బిల్లింగ్ ఇంజినీరు, ఎస్టిమేషన్ ఇంజినీరు, కాంట్రాక్ట్స్ ఇంజినీరు అని పిలుస్తారు. ఉద్యోగ ప్రకటనల్లో ఆ పేర్లతోనూ వెతకండి.

ఇంగ్లండులో, శ్రీలంకలో, మలేసియాలో ఇది నేరుగా డిగ్రీ చదువు. శ్రీలంకలోని మొరటువా విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లు గల్ఫ్ దేశాల్లో చాలామంది కనిపిస్తారు. మన దేశంలో ఎక్కువమంది నడిచే దారి వేరు. ముందు సివిల్ డిప్లొమా గానీ బీటెక్ గానీ చేసి, ఆ తర్వాత ఇందులో నైపుణ్యం సంపాదిస్తారు. అందుకే మీకు బోర్డు మీద ఆ పేరు కనిపించలేదు.

మీకు దూరం పోనక్కర్లేదు. పర్లాకిమిడిలోనే సెంచూరియన్ విశ్వవిద్యాలయం ఉంది. గుణుపూర్‌లో జీఐఈటీ, బరంపురంలో ప్రభుత్వ కళాశాల పారలా మహారాజా ఇంజినీరింగ్ కాలేజీ, ఇంకా దూరంలో బుర్లా వీఎస్ఎస్‌యూటీ, రూర్కెలా ఎన్ఐటీ ఉన్నాయి. ఒడిశాలో బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద రాష్ట్రం జరిపే ఓజేఈఈ కౌన్సెలింగ్ ద్వారా ఇస్తారు, ఎన్ఐటీకి మాత్రం జాతీయ స్థాయి జోసా కౌన్సెలింగ్. ఆంధ్రలో చేరాలనుకుంటే ముందు లోకల్, నాన్‌లోకల్ నిబంధన చదవండి. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన లోకల్ అయిపోరు, చదివిన చోటే లెక్క.

బీటెక్ తర్వాత ప్రత్యేకంగా చదవడానికి నిక్మార్ ఉంది. 1983లో మొదలైన నిర్మాణ నిర్వహణ సంస్థ అది, పుణెలోనూ హైదరాబాదులోనూ నడుస్తోంది. నోయిడాలో అమిటీ విశ్వవిద్యాలయం కింద ఉన్న ఆర్‌ఐసీఎస్ (లండను సర్వేయర్ల సంస్థ, దాని సంగతి కింద చెప్తాం) స్కూల్లో నిర్మాణ అర్థశాస్త్రం, క్వాంటిటీ సర్వేయింగ్ కలిపి ఎంబీఏ ఉంది. మూడు నెలల్లో క్వాంటిటీ సర్వేయర్‌ని చేస్తామనే కోచింగు సెంటర్ల ప్రకటనలు చూసి ప్లస్ టూ తర్వాత నేరుగా చేరకండి. అక్కడ నేర్పే ఎక్సెల్ పనికొస్తుంది. కానీ వీసాకీ, పై చదువుకీ, ప్రభుత్వ ఉద్యోగానికీ ముందు అడిగేది సివిల్ డిగ్రీ, డిప్లొమాలే.

బీటెక్‌లో ఎస్టిమేషన్ అండ్ కాస్టింగ్ చాలాచోట్ల ఒక్క సెమిస్టరే ఉంటుంది. దాన్ని గట్టెక్కే పేపరుగా చూడకండి, ఈ వృత్తికి పునాది అదే. రెండో ఏడాది నుంచే మీ వీధిలో లేచే ఒక ఇల్లు ఎంచుకుని, పునాది నుంచి స్లాబు దాకా మీరే లెక్క తీసి, మేస్త్రీ నిజంగా వాడిన సిమెంటు బస్తాలతో పోల్చుకోండి. తేడా ఎందుకొచ్చిందో వెతకడంలోనే సగం చదువు వస్తుంది.

డిప్లొమా ఆఖరి ఏడాది ట్రైనింగులో ఉన్నాను. నేను తీసిన ప్లాస్టరింగ్ కొలతలను డిపార్టుమెంటు ఇంజినీరు కొట్టేసి వేరే లెక్క రాశారు. తలుపు, కిటికీ, వెంటిలేటరు అన్నీ తీసేశాను కదా, తప్పెక్కడ? — బరంపురం

అన్నీ తీసేయడమే తప్పు. ఉన్నది ఉన్నట్టు కొలిస్తే న్యాయమని కొత్తవాళ్లందరూ అనుకుంటారు. కానీ ఏది తీయాలో ఏది తీయకూడదో ముందే రాసిపెట్టి ఉంది. భవనాల కొలతలకు మన దేశంలో ప్రామాణికం ఐఎస్ 1200. ఒక్కో పనికి ఒక్కో భాగం ఉంటుంది. 1వ భాగం మట్టి పని, 2 కాంక్రీటు, 3 ఇటుక కట్టుబడి, 12 ప్లాస్టరింగ్.

రెండు ముఖాలకూ ఒకే రకం ప్లాస్టరు వేసిన గోడకు 12వ భాగం చెప్పేది ఇదీ. 0.5 చదరపు మీటర్ల లోపు ఖాళీకి ఏమీ తీయొద్దు. 0.5 నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఒక్క ముఖానికే తీయండి, అంచుల ప్లాస్టరు కలపొద్దు. 3 దాటితే రెండు ముఖాలకూ తీసి, పక్క అంచులు, పై అంచు, కింది అంచు కలపండి.

6 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 230 మిల్లీమీటర్ల మందం ఉన్న గోడ తీసుకుందాం. అందులో 0.6 × 0.45 వెంటిలేటరు, 1.0 × 2.1 తలుపు, 2.4 × 2.4 రోలింగ్ షట్టరు ఉన్నాయి. రెండు ముఖాలూ కలిపి 36 చదరపు మీటర్లు. వెంటిలేటరు 0.27, కాబట్టి ముట్టుకోం. తలుపు 2.10, ఒక్కసారే తీస్తాం. షట్టరు 5.76, రెండుసార్లు తీస్తే 11.52. షట్టరుకు అటూ ఇటూ అంచులు 2 × 2.4 × 0.23, పైన 2.4 × 0.23, మొత్తం 1.656 కలుపుతాం. నేల దాకా దిగింది కనుక కింది అంచు లేదు. 36 లోంచి 2.10, 11.52 పోయి 1.656 కలిస్తే 24.04 చదరపు మీటర్లు. మీ పద్ధతిలో అన్నిటినీ రెండు వైపులా తీసేస్తే 19.74 వస్తుంది. ఒక్క గోడకే 4.30 చదరపు మీటర్లు పోయాయి. నాలుగంతస్తుల హాస్టలు భవనానికి ఇదే చేస్తే కాంట్రాక్టరుకు ఎంత నష్టమో మీరే చూడండి.

ఖాళీని తీయకుండా ఎందుకు వదిలేస్తారంటే, చిన్న ఖాళీ చుట్టూ అంచులు తీర్చే పనికి మేస్త్రీకి పట్టే సమయం ఎక్కువ. తీయకుండా వదిలిన కొలత ఆ శ్రమకు బదులు. ఈ కారణం పట్టుకుంటే నిబంధన బట్టీ పట్టక్కర్లేదు.

ఇప్పుడు అదే వెంటిలేటరును ఇటుక పనిలో చూడండి. 3వ భాగం ప్రకారం 0.1 చదరపు మీటరు లోపు ఖాళీలనే వదలాలి. 0.27 దాన్ని మించింది కనుక కట్టుబడి ఘనపరిమాణంలోంచి 0.062 ఘనపు మీటర్లు తీయాలి. దాని మీది లింటెల్‌నూ తీయాలి. ఒకే రంధ్రాన్ని ప్లాస్టరింగ్‌లో వదిలి ఇటుక పనిలో తీస్తాం. ఒక షీటులో వేసిన ఖాళీల లెక్కను ఎక్సెల్‌లో రెండో పనికి కాపీ కొడితే దొరికిపోయేది ఇక్కడే.

ఇంకో మాట. మెజర్‌మెంట్ బుక్కులో కొలత తప్పు పడితే తెల్ల సిరా పూయకండి, దిద్ది కప్పేయకండి. ఒక్క గీతతో కొట్టి, పక్కన సరైన అంకె వేసి, సంతకం, తేదీ పెట్టండి. ఆడిట్‌లో ముందుగా అనుమానించేది దిద్దిన అంకెనే.

సైటు సూపర్‌వైజరుగా రెండేళ్లయింది. బిల్లింగ్ వైపు మారాలనుకుంటున్నాను. ఎలా? — రాయగడ

మీ చుట్టూ పని ఉంది. రాయపూర్–విశాఖపట్నం ఆరు వరుసల రహదారి 464 కిలోమీటర్లలో ఒక భాగం కోరాపుట్ మీదుగా వెళ్తోంది. కోరాపుట్–రాయగడ రైలు మార్గం డబ్లింగ్ ఉంది. దామన్‌జోడి, టికిరి అల్యూమినా కర్మాగారాల్లో సివిల్ పనులు ఏడాది పొడవునా ఉంటాయి. వీటన్నిటిలో కింది స్థాయి కాంట్రాక్టర్లకు సరిగ్గా బిల్లు రాసే మనిషి దొరకడమే కష్టం.

మీ సైటులో ఇనుముతో మొదలుపెట్టండి, మీరు రోజూ చూస్తున్నది అదే. రాడ్డు మీటరుకు ఎన్ని కిలోలో మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే వస్తుంది. 8 మిల్లీమీటర్లకు 0.395 కిలో, 12కు 0.89, 16కు 1.58, 20కు 2.47. తర్వాత ఒక దూలం రింగు కోత పొడవు తీయండి. దూలం 230 × 450, కవరు (ఇనుము మీది కాంక్రీటు మందం) 25, రింగు 8 మిల్లీమీటర్లు అనుకోండి. లోపలి కొలతలు 180, 400. చుట్టుకొలత 1160. రెండు కొక్కేలకు పదేసి వ్యాసాలు, 160. మూడు లంబ వంపులకు రెండేసి వ్యాసాల చొప్పున 48, రెండు 135 డిగ్రీల వంపులకు మూడేసి చొప్పున 48 తగ్గించాలి. కోత పొడవు 1224 మిల్లీమీటర్లు. 4 మీటర్ల నిడివిలో 150 ఎడంతో 27 ఖాళీలు, అంటే 28 రింగులు. బరువు 13.54 కిలోలు. మీ అగ్రిమెంటులో వంపు తగ్గింపు ఎలా చెప్పారో మాత్రం ముందే చూసుకోండి, చోటుకో పద్ధతి ఉంటుంది.

ఇనుములో డబ్బు పోయే చోటు వేరే ఉంది. కొనేటప్పుడు వేబ్రిడ్జి మీద బరువు కట్టి కొంటాం. బిల్లు మాత్రం ప్రామాణిక బరువు మీద వస్తుంది. రాడ్లకు ప్రామాణికమైన ఐఎస్ 1786 ప్రకారం 10 మిల్లీమీటర్ల దాకా రాడ్డు బరువు 7 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, 10 దాటి 16 దాకా 5 శాతం, ఆపైన 3 శాతం. 7 శాతం ఎక్కువ బరువున్న 8 మిల్లీమీటర్ల రాడ్డు 10 టన్నులు కొంటే, పొడవు కొలిచి 0.395తో బిల్లు చేసినప్పుడు వచ్చేది సుమారు 9,346 కిలోలే. ఆరు క్వింటాళ్లకు పైగా చేతి నుంచి పోయినట్టే. కేంద్ర ప్రజాపనుల శాఖ పద్ధతిలో అసలు బరువు తక్కువుంటే అసలు బరువుకీ, ఎక్కువుంటే ప్రామాణిక బరువుకీ మాత్రమే చెల్లిస్తారు. కాంట్రాక్టరు రెండు వైపులా చిక్కుకుంటాడు. లోడు దిగగానే ప్రతి సైజులో కొన్ని ముక్కలు మీటరు పొడవు కోసి తూచడం మీ పని చేసుకోండి. ఆ చీటీ తేదీ వేసి దాచండి. బైండింగ్ వైరు విడిగా బిల్లులో రాదు. అగ్రిమెంటు అనుమతించిన ల్యాపులు (రాడ్లు ఒకదాని పక్కన ఒకటి కలిసే నిడివి), చైర్లు (పై రాడ్లను నిలబెట్టే ముక్కలు) వస్తాయి. కోతలో పోయిన తుక్కు రాదు.

ఇక బిల్లు. రన్నింగ్ బిల్లు ఎప్పుడూ మొదటి నుంచి ఇవాళ్టి దాకా మొత్తం పని చూపి, అందులోంచి పాత బిల్లు తీస్తుంది. ఈ నెల పనిని మాత్రమే విడిగా కొలిచి కలుపుకుంటూ పోతే, మధ్యలో దొర్లిన తప్పు చివరిదాకా అలాగే మిగిలిపోతుంది. ఒక ఊహా లెక్క చూడండి. నాలుగో బిల్లు దాకా పని విలువ జీఎస్టీ కాకుండా 84.60 లక్షలు, మూడో బిల్లు దాకా 62.10. ఈ బిల్లు 22.50 లక్షలు. ఇందులో హామీగా ఆపి ఉంచే రిటెన్షను 5 శాతం 1.125, పని మొదట్లో ఇచ్చిన మొబిలైజేషన్ అడ్వాన్సు వసూలు 10 శాతం 2.25, కంపెనీ అయితే ఆదాయపు పన్ను 2 శాతం 0.45, ప్రభుత్వ పని కాబట్టి జీఎస్టీ కోత 2 శాతం 0.45, కార్మిక సెస్సు 1 శాతం 0.225. కోతలన్నీ 4.50 లక్షలు. చేతికి 18 లక్షలు. 18 శాతం జీఎస్టీ ఇన్వాయిసు మీద వేరుగా వస్తుంది, అది మనది కాదు, కట్టాల్సింది. రిటెన్షను, అడ్వాన్సు శాతాలు అగ్రిమెంటు బట్టి మారతాయి. కొత్త సైటులో చేరిన మొదటి రోజే ఆ పేజీలకు గుర్తు పెట్టుకోండి.

రహదారి పనుల్లో ఇంకో చిక్కు ఉంటుంది. ప్రభుత్వం, కంపెనీ ఖర్చు పంచుకునే హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో ప్రభుత్వం నిర్మాణ సమయంలో 40 శాతాన్ని మైలురాళ్ల ప్రకారం ఇస్తుంది, కొలతల ప్రకారం కాదు. పెద్ద కంపెనీ మాత్రం కింది కాంట్రాక్టరుకు కొలత మీదే ఇస్తుంది. పైన డబ్బు ఒక లెక్కన వస్తే కింద ఇంకో లెక్కన పోతుంది. ఈ రెండింటినీ కలిపి చూసుకునే మనిషి కంపెనీకి కావాలి. అక్కడ మీలాంటివాళ్లకు చోటుంది.

మాది చిన్న కాంట్రాక్టు. శ్రీకాకుళం జిల్లాలో వేసిన రేట్లే మా వైపు టెండరులో వేసి నష్టపోయాం. నదికి అటూ ఇటూ రెండు ఊళ్లు, సిమెంటు ధర ఒక్కటే. తేడా ఎక్కడ వస్తోంది? — కాశీనగరం

సిమెంటు ఒక్కటే. రేటు పుస్తకం ఒక్కటి కాదు. ఆంధ్రకు దాని రేట్ల పుస్తకం ఎస్ఎస్ఆర్ ఉంది, ఒడిశాకు దాని షెడ్యూల్ ఆఫ్ రేట్స్ ఉంది. కూలి, లీడు (సామాను తెచ్చే దూరం), ఓవర్‌హెడ్ (ఆఫీసు, నిర్వహణ ఖర్చులు) ఏది ఎంత కలిపారో రెండింట్లో వేర్వేరు. ఇతరుల రేటు తెచ్చుకోవడం మానేసి ప్రతి ఐటముకూ రేట్ అనాలిసిస్ మీరే చేసుకోండి. ఒక ఘనపు మీటరు ఎం20 నామినల్ (1:1.5:3) మిశ్రమానికి, పొడి ఘనపరిమాణం 1.54 రెట్లుగా తీసుకుంటే, సిమెంటు సుమారు 8 బస్తాలు, ఇసుక 0.42, కంకర 0.84 ఘనపు మీటర్లు పడతాయి. దీనికి కూలి, మిక్సరు, వైబ్రేటరు, నీళ్లు, తర్వాత ఓవర్‌హెడ్, లాభం కలపండి. కేంద్ర ప్రజాపనుల శాఖ అనాలిసిస్‌లో ఆ చివరి రెండూ కలిపి 15 శాతం.

నష్టం ఎక్కువగా మూడు చోట్ల దాగి ఉంటుంది. మొదటిది లీడు. కంకర క్వారీ ఎక్కడ, ఇసుక రేవు ఎక్కడ, ఘాటు రోడ్డు ఎంత, అన్నీ లీడ్ స్టేట్‌మెంటులో పడాలి. మైదానంలో 20 కిలోమీటర్లకూ కొండదారి 20 కిలోమీటర్లకూ ట్రిప్పుల సంఖ్యే వేరు. రెండోది ఇటుక సైజు. 190 × 90 × 90 మాడ్యులర్ ఇటుక 10 మిల్లీమీటర్ల మాలుతో ఘనపు మీటరుకు 500 పడుతుంది. 230 × 115 × 75 ఇటుక అయితే లెక్కకు సుమారు 392 చాలు. కొటేషను ఒక సైజుకు తెచ్చి లెక్క ఇంకో సైజుకు కడితే రేటు తలకిందులవుతుంది.

మూడోది రాయల్టీ. ఒడిశాలో ఇసుక, కంకర, మొరం లాంటి చిన్న ఖనిజాలకు రవాణా పాసు వై ఫారం ఉండాలి. అది బిల్లుతో జతచేయకపోతే డిపార్టుమెంటు రాయల్టీని బిల్లులోంచి కోస్తుంది. క్వారీవాడికి మీరు ఇచ్చిన ధరలోనే రాయల్టీ కలిసి ఉంటే ఒకే డబ్బు రెండుసార్లు కట్టినట్టు. లోడు దింపించుకునేటప్పుడే ఫారం తీసుకోండి. నెల తర్వాత అడిగితే రాదు. తడి ఇసుక పొంగుతుంది కాబట్టి బండి కొలతలో ఘనపరిమాణం ఎక్కువ కనిపిస్తుంది, ఆ మేరకు తగ్గించి తీసుకోండి.

మా అబ్బాయి సివిల్ బీటెక్ పూర్తి చేశాడు. ఇంగ్లండులో క్వాంటిటీ సర్వేయింగ్ ఎమ్మెస్సీకి వెళ్తానంటున్నాడు. పొలం తాకట్టు పెట్టి అప్పు చేయాలి. చేయొచ్చా? — గుణుపూర్

అమ్మా, వెంటనే వద్దు. ఆ చదువు మీద మాకు అనుమానం లేదు, వెళ్లే వేళ మీదే అనుమానం.

ఈ వృత్తికి ప్రపంచమంతా గౌరవించే సంస్థ ఆర్‌ఐసీఎస్. 1868లో లండనులో మొదలైంది. దాని సభ్యత్వం వచ్చినవాళ్లు పేరు పక్కన ఎంఆర్‌ఐసీఎస్ అని రాసుకుంటారు. ఎమ్మెస్సీ పట్టా తెచ్చుకున్నంత మాత్రాన అది రాదు. పట్టా తర్వాత ఉద్యోగంలో ఉండి పని అనుభవాన్ని నమోదు చేసుకోవాలి, తను చేసిన ఒక ప్రాజెక్టు మీద కేస్ స్టడీ రాయాలి, ఆ మీదట నిపుణుల ముందు ఇంటర్వ్యూకు కూర్చోవాలి. కాబట్టి అక్కడికి వెళ్లాక ఉద్యోగం దొరకడమే కీలకం. సైటు ముఖం చూడకుండా వెళ్లినవాడిని అక్కడి కంపెనీ తీసుకోవడం కష్టం. రెండేళ్లు ఇక్కడ కొలతలు, బిల్లులు చేసి వెళ్లినవాడికి ఇంటర్వ్యూలో చెప్పడానికి మాట ఉంటుంది.

వెళ్లేటప్పుడు ఆ కోర్సుకు ఆర్‌ఐసీఎస్ గుర్తింపు ఉందో లేదో ఆర్‌ఐసీఎస్ జాబితాలోనే చూడాలి, ఏజెంటు ఇచ్చిన కాగితంలో కాదు. విశ్వవిద్యాలయానికి పేరున్నా ఆ ఒక్క కోర్సుకు గుర్తింపు ఉండకపోవచ్చు. రెడింగ్, నార్తంబ్రియా, సాల్ఫర్డ్, నాటింగ్‌హామ్ ట్రెంట్, హెరియట్-వాట్ ఈ రంగంలో పాతకాపులు. హెరియట్-వాట్‌కు దుబాయిలోనూ క్యాంపస్ ఉంది. అబ్బాయి గల్ఫ్‌లోనే స్థిరపడాలనుకుంటే అక్కడి ఖర్చు, వీసా కూడా కనుక్కొని పోల్చండి. కొలతల పద్ధతీ మారుతుంది. అక్కడ ఐఎస్ 1200 బదులు భవనాలకు ఎన్ఆర్ఎం2, సివిల్ పనులకు సీఈఎస్ఎంఎం వాడతారు. కాంట్రాక్టులకు ఎన్ఈసీ, జేసీటీ అనే ప్రామాణిక అగ్రిమెంటు నమూనాలు, గల్ఫ్‌లో ఎక్కువగా ఫిడిక్ నమూనా. ఎమ్మెస్సీ కన్నా ముందే ఫిడిక్ ఎర్రపుస్తకం చదవడం మొదలుపెట్టమనండి.

గల్ఫ్ ఉద్యోగం ఏజెంటు ద్వారా వస్తే, ఆయనకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే ఆగండి. సర్టిఫికెట్ల ధ్రువీకరణ ముందు రాష్ట్ర స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖలో చేయించాలి. దుబాయి లాంటి చోట్లకైతే ఆపైన రాయబార కార్యాలయం కూడా ఉంటుంది. ఇందుకు వారాలు పడతాయి. ఉద్యోగం చేతికొచ్చాక మొదలుపెడితే చేరే తేదీ దాటిపోతుంది.

ఒడియా మీడియంలో చదివాను, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు అంతంత మాత్రం. అమ్మాయిని. ఈ పనికి పనికొస్తానా? — జయపురం

అమ్మాయినని వెనకాడే అవసరం ఏ మాత్రం లేదు. ఈ పనిలో సగం టేబుల్ మీద, సగం సైటులో ఉంటుంది. కొలతకు సైటుకు వెళ్లి తీరాలి, దాన్ని తప్పించుకుంటే ఎవరూ పైకి రారు. తెలుగు మేస్త్రీ, ఒడియా కూలీ, హిందీ మాట్లాడే సబ్ కాంట్రాక్టరు ముగ్గురితోనూ మాట్లాడి ఉమ్మడి కొలత మీద సంతకం తీసుకోగలగడం మీకు పెద్ద బలం. చాలా గొడవలు ఆ సంతకం లేకే మొదలవుతాయి.

ఇంగ్లీషులో మీకు కావలసింది వక్తృత్వం కాదు, ఉత్తరం రాయడం. అదనపు పనికి, డ్రాయింగు ఆలస్యానికి, వానకు పని ఆగినందుకు ఉత్తరాలు రాయాలి. ఏ క్లాజు కింద రాస్తున్నారో, ఏ తేదీన ఏం జరిగిందో, ఏం కోరుతున్నారో, ఆ మూడే ఉండాలి. అగ్రిమెంటు గడువు లోపల నోటీసు ఇవ్వకపోతే న్యాయమైన క్లెయిము కూడా పోతుంది. ఫిడిక్ అగ్రిమెంటుల్లో ఆ గడువు 28 రోజులు. రోజుకొక క్లాజు చదివి, మీ మాటల్లో తెలుగులో రాసుకుని, తిరిగి ఇంగ్లీషులో రాయండి.

సాఫ్ట్‌వేర్ ఏది నేర్చుకోవాలి? — బరంపురం

ఎక్సెల్, ఆటోకాడ్ ముందు. ఆ తర్వాత పీడీఎఫ్ డ్రాయింగుల మీద కొలిచే బ్లూబీమ్ లేదా ప్లాన్‌స్విఫ్ట్. విదేశీ కంపెనీలకు ఎస్టిమేట్లు కట్టే కాస్ట్ఎక్స్, భవనాన్ని త్రీడీ మోడల్‌గా గీసే రెవిట్. పీడీఎఫ్‌లో కొలిచే ముందు స్కేలును డ్రాయింగులో రాసి ఉన్న ఒక కొలతతో సరిచూడండి. ఏ3 కాగితానికి కుదించిన ఏ1 డ్రాయింగు మీద కొలిచి పొడవులు సగానికి పడినవాళ్లున్నారు. రెవిట్ మోడల్‌లో దూలం, స్లాబు కలిసే చోట కాంక్రీటు రెండుసార్లు లెక్కలోకి రావచ్చు. ప్లాస్టరు, వాటర్‌ప్రూఫింగ్ మోడల్‌లో గీయకపోతే అసలు రావు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను చేత్తో ఒక గదికైనా సరిచూడకుండా పంపకండి.

ప్రభుత్వంలో క్వాంటిటీ సర్వేయరు ఉద్యోగం ఉందా? — రాయగడ

ఉంది. సైనిక నిర్మాణ విభాగం ఎంఈఎస్‌లో క్వాంటిటీ సర్వేయింగ్ అండ్ కాంట్రాక్ట్స్ పేరుతోనే జూనియర్ ఇంజినీరు పోస్టులు ఉంటాయి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జేఈ పరీక్ష ద్వారా భర్తీ చేస్తారు. అదే విభాగంలో పై స్థాయి పోస్టులు యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ ద్వారా వస్తాయి. జేఈ సిలబస్‌లో ఎస్టిమేటింగ్, కాస్టింగ్, వాల్యుయేషన్ ఒక అధ్యాయం.

ఒడిశా రాష్ట్ర జూనియర్ ఇంజినీరు ఉద్యోగాలకు ఒక షరతు ఉంది. మన పిల్లలు చాలామంది దాని దగ్గరే ఆగిపోతున్నారు. ఒడియా చదివినట్టు రుజువు కావాలి. ఏడో తరగతి స్థాయిలో ఒడియా భాషగా చదివి పాసైనా, లేదా ఒడియా మాధ్యమంలో పదో తరగతి పరీక్ష రాసినా సరిపోతుంది. ఇచ్ఛాపురంలోనో పాతపట్నంలోనో తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు అదే స్థాయి ఒడియా పరీక్ష విడిగా పాసై ఉండాలి. నోటిఫికేషన్ వచ్చాక ఆ పరీక్ష రాసే వ్యవధి ఉండదు. డిప్లొమా మొదటి ఏడాదిలోనే ముగించుకోండి.